అన్నగారి చీర

కడియంలో పల్లంరాజు గారి నర్సరీ గేటు దాటగానే కుడిచేతివైపు ఒక ఫ్లెక్సీ కనిపిస్తుంది. ‘మహిళా ఉద్యోగుల రక్షణ కమిటీ’ అని పైన గులాబిరంగు అక్షరాలు. అన్నిటికంటే పెద్ద బొమ్మ పల్లంరాజు గారిది, రెండు చేతులూ జోడించి. పక్కన పట్టుచీరలో ఆయన భార్య మాణిక్యాంబ గారు, కమిటీ అధ్యక్షురాలు. అడుగున, శుభాకాంక్షలు తెలుపువారి వరసలో, నల్లకళ్లద్దాలతో మాణిక్యాంబ గారి తమ్ముడు రాజేంద్ర. ఆడవాళ్లను ఎవరి నుంచి రక్షించాలో వాడి బొమ్మ కూడా అదే ఫ్లెక్సీ మీద వేయించిన యజమాని ముందుచూపును ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఫ్లెక్సీ కట్టిన రోజు కూలీలందరికీ లడ్డూలు కూడా పంచారు.

ఈ కమిటీ పల్లంరాజు గారికి జ్ఞానోదయమై పెట్టింది కాదు. బెంగళూరులో అపార్ట్‌మెంట్లు కట్టే కంపెనీ ఒకటి ఏటా ఆయన దగ్గర లారీలకు లారీలు మొక్కలు కొంటుంది. ఆడవాళ్ల మీద వేధింపులు జరిగితే విచారించడానికి చట్టప్రకారం మీ దగ్గర కమిటీ ఉందా, ఉంటే ఫోటో పంపండి అని ఆ కంపెనీవాళ్లు అడిగారు. పదిమంది పనిచేసే చోట కమిటీ ఉండి తీరాలనీ, అక్కడే పనిచేసే పెద్ద ఉద్యోగిని ఒకావిడ దానికి అధ్యక్షురాలు కావాలనీ, సభ్యుల్లో సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్లుండాలనీ, ఇలాంటి సంగతులు తెలిసిన మనిషి ఒకరు బయటినుంచి రావాలనీ చట్టం. పల్లంరాజు గారు దాన్ని పెళ్లి వంటల జాబితా చదివినట్టు చదివి, ఏ సరుకు ఎక్కడ దొరుకుతుందో చూసుకున్నారు. ఆడమనిషి ఇంట్లోనే దొరికింది. మాణిక్యాంబ గారు నర్సరీకి వచ్చేది దసరాకి ఆయుధపూజనాడు, మళ్లీ పెరట్లోకి మల్లెమొక్కలు కావాల్సినప్పుడు. ఇక బయటి మనిషి హరిబాబు గారు, ఏదో సేవా సంఘానికి కార్యదర్శి. కళ్లద్దాల శిబిరమైనా, సంతాపసభైనా, స్త్రీ ఆదిశక్తి అని మొదలుపెట్టి సరిగ్గా భోజనాలవేళకి ముగిస్తారు. పనివాళ్ల తరఫున, మొక్కలకి అంట్లు కట్టే ఆడవాళ్లలో పెద్దదైన నూకరత్నాన్ని పిలిచి ఫోటోలో నిలబడమన్నారు. ఆవిడ చీర కొంగుతో చేతుల మట్టి తుడుచుకుని వచ్చి నిలబడింది.

అంట్ల షెడ్డు చూసుకునేది అశ్విని. ధవళేశ్వరంలో గోదావరి గట్టున ఉండే పల్లెవాళ్ల పిల్ల. తండ్రి సత్తియ్య నది మీద వల వేస్తే, తల్లి సుబ్బాయమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఆ చేపలు అమ్ముతుంది. చేపలమ్ముకునే ఇంట్లో పుట్టి మొక్కల చదువు చదివిందని వాళ్ల పేటలో చాలామంది నవ్వారు. ఆ పిల్ల చేతిలో మాత్రం ఏదో ఉంది. నాటు మామిడి మొక్క తల కోసి, బంగినపల్లి పుల్ల చెక్కి అందులో పొదిగి, ప్లాస్టిక్ పట్టీ చుట్టిందంటే అది బతకాల్సిందే. కొన్నాళ్లకి ఆ పుల్ల కొసన రాగిరంగు చిగురు విచ్చుకుంటే అశ్వినికి ఆ రోజంతా అన్నం అక్కర్లేదు. ఆ షెడ్డే తన లోకమనుకుంది. అమ్మకాల మేనేజరు రాజేంద్ర కూడా ఆ షెడ్డు తనదే అనుకున్నాడు, అందులో ఉన్న మనుషులతో సహా.

మొదట మొక్కలు చూసే వంకతో వచ్చి వెనకాల నిలబడేవాడు. తరవాత, పట్టీ ఎలా చుడుతున్నావో చూపించు అంటూ చేతి మీద చెయ్యి వేసేవాడు. నీ చెయ్యి తగిలితే ఎండుపుల్లలే చిగురిస్తున్నాయి, నా గతేంటి అని ఫోనులో మెసేజీ పెట్టి, కింద నవ్వే బొమ్మలు నాలుగు అతికించేవాడు. ఒకసారి రాజమండ్రిలో హోటలు పేరు రాసి, బయ్యర్లు వచ్చారు రమ్మన్నాడు. అశ్విని ఆఫీసులో కనుక్కుంటే బయ్యర్లూ లేరు, గియ్యర్లూ లేరు. వెళ్లలేదు. వెళ్లనందుకు షెడ్డులో పని మనుషులను సగానికి సగం తీసేసి, లోడు ఆలస్యమైందని అందరి ముందూ తిట్టాడు. ఆఖరికి ఒకనాడు మధ్యాహ్నం, నీటి ఆవిరి పట్టించే గదిలో తను ఒక్కతే ఉండగా గుమ్మానికి అడ్డం నిలబడి నడుం పట్టుకున్నాడు. అశ్విని వాణ్ణి తోసేసి అరిచింది. గది బయటే ఆడవాళ్లంతా కూర్చుని కవర్లలో మట్టి నింపుతున్నారు. అందరికీ వినపడింది, అందరూ తలలు దించుకుని మట్టి నింపుతూనే ఉన్నారు. వాడి చెయ్యి కంటే ఆ దించుకున్న తలలే అశ్వినిని ఎక్కువ కోసేశాయి. ఆ కోపంతోనే ఇంటికి వెళ్లి, ఫోనులో చట్టం మొత్తం చదివి, వాడి మెసేజీలన్నీ జతచేసి కమిటీకి ఫిర్యాదు రాసింది.

కమిటీ మొదటి సమావేశం మాణిక్యాంబ గారి ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర జరిగింది. విచారణకి ముందు పెసరట్టు, ఉప్మా. హరిబాబు గారు అల్లం పచ్చడి రెండోసారి వేయించుకుని, ఫిర్యాదు కాగితాన్ని చమురంటకుండా రెండు వేళ్లతో పట్టుకుని చదివారు. ఆకు ముల్లు మీద పడినా, ముల్లు ఆకు మీద పడినా చిరిగేది ఆకేనమ్మా అని ఉపదేశించారు. ముల్లుని ఏం చేయాలో మాత్రం ఆయన సామెతలో లేదు. నూకరత్నం కుర్చీలో కూర్చోమన్నా కూర్చోకుండా గుమ్మం పక్కన నిలబడి, అడిగినచోట సంతకం పెట్టింది.

“మావాడు చిన్నప్పట్నుంచీ కలుపుగోలు మనిషమ్మా, నలుగురితో నవ్వుతూ తిరుగుతాడు. నువ్వే అపార్థం చేసుకున్నావేమో,” అన్నారు మాణిక్యాంబ గారు.

“నవ్వినందుకు రాయలేదండి. పట్టుకున్నందుకు రాశాను,” అంది అశ్విని.

ఆయన మీకు తమ్ముడు కాబట్టి మీరు ఈ విచారణలో కూర్చోకూడదండి అని కూడా అంది. మాణిక్యాంబ గారికి కష్టం తోచింది. నా తమ్ముడి సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని కళ్లు ఒత్తుకున్నారు. పిల్లికి ఎలుక సాక్ష్యమని వినడమే గాని, పిల్లి అక్కగారే తీర్పు చెప్పడానికి కూర్చోవడం అశ్విని అప్పుడే చూసింది. విచారణ తేలేదాకా వాడి అజమాయిషీలో లేకుండా చూడండి, చట్టంలో అలా అడగొచ్చు అంది. అది మాత్రం కమిటీకి వెంటనే నచ్చింది. మర్నాటినుంచి రాజేంద్ర షెడ్డులోనే ఉన్నాడు, అశ్వినిని ఎరువుల గోడౌనుకి మార్చారు. అంతా నీ రక్షణ కోసమేనమ్మా అన్నారు పల్లంరాజు గారు. వేపపిండి బస్తాల మధ్య ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చుంటే, చూసే దిక్కులేక షెడ్డులో తను కట్టిన అంట్లు నల్లబడుతున్నాయని మిగతావాళ్లు చెప్పేవారు. అశ్వినికి ఏడుపొచ్చేది. తప్పు చేసినవాడు తన కుర్చీలో, తను బస్తాల్లో.

ఇంతలో బెంగళూరువాళ్లు, ఈ ఏడాది కమిటీకి ఫిర్యాదులేమైనా వచ్చాయా, వస్తే ఎలా పరిష్కరించారు అని అడిగారు. దాంతో పల్లంరాజు గారికి విచారణ మీద లేని తొందర రాజీ మీద పుట్టింది. రాజీ అనేది ఆ అమ్మాయి తనంతట తాను కోరితేనే చేయాలని చట్టంలో ఉంది కదా అని ఆయనే సందేహపడితే, ఆ అమ్మాయి కోరిందని మనమే రాసుకుంటే సరిపోతుంది కదండీ అని హరిబాబు గారు తేల్చేశారు. బయటి మనిషిని ఎందుకు పెట్టమన్నారో చట్టం చేసినవాళ్లకి తెలుసో తెలియదో గాని, పల్లంరాజు గారికి బాగా తెలుసు. రాజీ ఎలా చేయాలో మాణిక్యాంబ గారు చెప్పారు. వాళ్ల పుట్టింటివైపు ఇలాంటి తగువులు పెద్దమనుషులు అలాగే తీర్చేవారట. మగవాడు తప్పుచేస్తే, ఆ ఆడమనిషిని ఆడపడుచుగా ఒప్పుకుని, నలుగురిలో పసుపు కుంకుమలతో చీర పెట్టి పంపిస్తే, ఇక ఆ మాట ఎవరూ ఎత్తరు. వచ్చే శుక్రవారం నర్సరీలో షామియానా వేసి ఆ ముచ్చట జరిపిద్దామని నిర్ణయించారు. శనివారం నుంచి అశ్విని షెడ్డుకి తిరిగి వచ్చేయొచ్చు, అన్నగారి కిందనే పని.

విషయం విని సుబ్బాయమ్మ చేపల గంప అరుగు మీద దింపింది. ఎన్ని బజార్లలో ఎన్ని రకాల బేరాలు చూసిందో ఆవిడ. ఇది మరీ అడుగున కుళ్లినవి పెట్టి పైన మంచివి పరిచిన గంపలాగే ఉంది.

“ఆ చీర చేత్తో పట్టుకున్నావంటే వాడు నీకు అన్నయిపోయినట్టే. రేపు కలెక్టరు గారి దగ్గరికెళ్లినా, తోడబుట్టినోడి మీద ఫిర్యాదేంటమ్మా అంటారు. వద్దన్నావనుకో, శుక్రవారం పూట పసుపు కుంకుమ కాదన్న మహాతల్లి అంటారు. ఎటు తిరిగినా నీ నోరే మూస్తారే,” అంది.

మానేసి వచ్చెయ్యమంది. కడియంలో నర్సరీలకేం కొదవ, ఇంకోటి చూసుకోవచ్చంది. కానీ అశ్విని మానేస్తే ఆ సాయంత్రానికే కడియమంతా ఏమనుకుంటుందో ఇద్దరికీ తెలుసు. తప్పుడు ఫిర్యాదు పెట్టి పట్టుబడి పారిపోయిందంటారు. ఆ మాట ప్రతి నర్సరీ గేటు దగ్గరా తనకంటే ముందు వెళ్లి నిలబడుతుంది. జరిగిన మాట నిజమేనని ఒక్కరైనా పలకాలి, పలికేదాకా ఆ షెడ్డు వదిలేది లేదు అనుకుంది అశ్విని. తల్లితో ఆ మాటే చెప్పింది. సుబ్బాయమ్మ కాళ్లు కడుక్కుంటూ, సరేనే, నీ ఇష్టం, కానీ ఏం చేసినా పసుపు కుంకుమని మాత్రం తూలనాడకు, అదే వాళ్లకి కావాలి అంది.

శుక్రవారం పొద్దున్నే షామియానా లేచింది. గేటు దగ్గర అరటి బోదెలు, వేదిక మీద కుర్చీలకి తెల్లగుడ్డలు, మైకులో అన్నాచెల్లెళ్ల పాటలు. వీడియో తీయడానికి రాజమండ్రి నుంచి మనిషిని పిలిపించారు. ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు కూడా బయటికి పొక్కకూడదని చట్టం అంటుంది. ఇక్కడ పేరు బ్యానరు మీద పూలు చుట్టి రాయించారు. కమిటీ ఎంత గొప్పగా పనిచేస్తోందో కళ్లారా చూడమని బెంగళూరు కంపెనీకి లైవు లింకు కూడా పంపించారు పల్లంరాజు గారు. పనులు ఆపి ఆడకూలీలందర్నీ ముందు వరసల్లో కూర్చోబెట్టారు. వేదిక మీద ఆ చివర, కమిటీ సభ్యురాలు కాబట్టి నూకరత్నానికి కూడా ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. మిగతా కుర్చీలకున్న తెల్లగుడ్డ దానికి లేదు.

హరిబాబు గారు స్త్రీ ఆదిశక్తి అని మొదలుపెట్టారు. కోర్టులూ కేసులూ పడమటి దేశాల తిప్పలనీ, మనకి కుటుంబ విలువలున్నాయనీ, నర్సరీ ఒక కుటుంబమనీ చాలాసేపు చెప్పారు. తరవాత రాజేంద్ర లేచాడు. తెల్లచొక్కా, నుదుట బొట్టు, గుళ్లోంచి తిన్నగా వచ్చిన వాలకం. మైకు అందుకుని, ముందే నేర్పించిన మాటని నేర్పించినట్టే చెప్పాడు.

“తెలిసో తెలియకో నావల్ల ఏదైనా పొరపాటు జరిగుంటే క్షమించు చెల్లెమ్మా.”

ఏ పొరపాటు, ఎక్కడ, ఎప్పుడు అన్న ఊసే లేదు. జరిగిందో లేదో కూడా వాడికే తెలియనట్టు చెప్పాడు. పల్లంరాజు గారు చప్పట్లు కొట్టారు, చూసి మిగతావాళ్లు కొట్టారు. మాణిక్యాంబ గారు పళ్లెం పట్టుకుని లేచారు. అందులో జరీ అంచు చీర, రవికెల గుడ్డ, పళ్లు, తమలపాకులు, కుంకుమ భరిణె, పసుపు కుంకుమ పొట్లం.

అశ్విని వేదిక ఎక్కి, ఎదురు వెళ్లి తలవంచి బొట్టు పెట్టించుకుంది. పసుపు కుంకుమ పొట్లం రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది. మాణిక్యాంబ గారి మొహం వికసించింది, హరిబాబు గారు మైకు వైపు నడవబోయారు. పళ్లెం చేతికి ఇవ్వబోతే అశ్విని చేతులు వెనక్కి తీసుకుంది. మైకు దగ్గర్లోనే ఉంది కాబట్టి ఆ మాట షామియానా చివరిదాకా వినపడింది.

“చీర వద్దండి. నాకు అన్న అక్కర్లేదండి, విచారణ కావాలి.”

పిల్ల సిగ్గుపడుతోందని పల్లంరాజు గారు నవ్వబోయారు. శుక్రవారం పూట ఇంటికొచ్చే లక్ష్మిని కాదనకూడదమ్మా అని హరిబాబు గారు పళ్లెం అంచు పట్టుకుని ముందుకు నెట్టారు. ముందు వరసల్లో ఆడవాళ్లు యథాప్రకారం తలలు దించుకున్నారు. అశ్విని వాళ్ల కేసి చూసింది. ఇంతమందిలో తను ఒక్కతే మిగిలానని, ఈ రోజుతో తన మాట అబద్ధంగా ఖాయమైపోతుందని అనుకుంది. అప్పుడు వేదిక చివర ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది.

“ఆ పిల్ల వద్దంటే ఆ చీర నాకిప్పించండమ్మగారూ,” అంది నూకరత్నం.

జనం గొల్లున నవ్వారు. ముసలిదానికి జరీ చీర మీద మోజేంటని వెనక నుంచి ఎవరో అన్నారు. మాణిక్యాంబ గారు కూడా నవ్వేసి, నీకెందుకే అన్నారు.

“నాకు ఎప్పుడో రావాలండి. ఈ పిల్ల నర్సరీలో అడుగెట్టకముందే, పురుగుమందుల గదిలో. అప్పుడు నోరెత్తలేదు నేను, కూలి పోద్దని. మీ తమ్ముడుగారు ఆ రోజే అక్కో చెల్లెలో ఏదో ఒకటి అనుంటే, ఈపాటికి ఆ చీర చిరిగిపోయి మసిగుడ్డయిపోయేదండి.”

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నూకరత్నం వేదిక దిగి, మెట్ల కింద, చీర కోసం వచ్చిన మనిషిలా చెయ్యి చాపి నిలబడింది. కవర్లలో మట్టి నింపే ఆడవాళ్లలోంచి ఒకతి లేచి, ఎవరి వైపూ చూడకుండా వచ్చి ఆవిడ వెనకాల నిలబడింది. నాకూ రావాలండి అని మెల్లగా అంది. ఇంకొకతి లేచింది. కిందటేడు పెళ్లయిన పిల్ల ఒకతి కూడా లేచింది. లారీకి మొక్కలు అందించేటప్పుడు నిలబడే వరస వాళ్లకి అలవాటే కదా, ఒకరి వెనక ఒకరు ఆ పద్ధతిలోనే వచ్చి నిలబడుతున్నారు. రాజేంద్ర మైకు కింద పెట్టి అందర్నీ పిచ్చివాళ్లన్నట్టు చూశాడు. వాడి నుదుటి బొట్టు చెమటకి కారి ముక్కు మీదికి వచ్చింది.

పల్లంరాజు గారు పంచె ఎగ్గట్టి వీడియో మనిషి మీదికి పరుగెత్తారు, ఆపవయ్యా అంటూ. ఆపొచ్చండి, కానీ బెంగళూరోళ్లు ఇప్పటిదాకా చూసింది చూసేశారండి అన్నాడు వాడు, కెమెరా దించకుండా. హరిబాబు గారికి ఏదో అర్జంటు పని గుర్తొచ్చి వేదిక వెనక నుంచి దిగిపోయారు. కుటుంబ విలువలు చూసుకోవడానికి వేదిక మీద అశ్విని ఎదుట అక్కాతమ్ముళ్లే మిగిలారు.

మాణిక్యాంబ గారి చేతుల్లో పళ్లెం అలాగే ఉంది, చీరతో సహా. ఆవిడ ఆ వరస కేసి చూశారు, చివర ఇంకా ఎవరో వచ్చి చేరుతున్నారు. తమ్ముడి కేసి తిరిగారు.

“ఇంకా ఎంతమందిరా?”

కమిటీ పుట్టాక నిందితుణ్ణి అడిగిన మొట్టమొదటి ప్రశ్న అదే. రాజేంద్ర జవాబు చెప్పలేదు. సిగ్గుతో కాదు, వాడికి నిజంగానే లెక్క తెలియదు.

ఆ ప్రశ్న మీరడగకూడదండి, మీరు ఆయన అక్కగారు, అంది అశ్విని. రాజమండ్రిలో కలెక్టరు గారి ఆఫీసులో ఇలాంటివి విచారించే జిల్లా కమిటీ ఉంది, అక్కడ అడిగిస్తాను అని చెప్పి వేదిక దిగింది. ఆ మధ్యాహ్నం తనని కోసేసిన ఆ తలల్లో ఒక్కటి కూడా ఇప్పుడు వంగి లేదు. అది చూసేసరికి, ఇన్నాళ్లూ పట్టి ఉంచిన ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. కళ్లు తుడుచుకుని నూకరత్నం దగ్గరికి వెళ్లి, నాతో రాజమండ్రి వచ్చి ఇప్పుడు చెప్పింది అక్కడ కూడా చెప్తావా పిన్నీ అని అడిగింది.

“మంచి చీర లేదమ్మా. ఈ మట్టి చీరతోనే వస్తాను, పద,” అంది నూకరత్నం.